గోనెసంచి కుట్టు

జూన్ 2

చిరంజీవి కత్తెర బావమరిదికి,

‘చిరంజీవి’ అని ఇన్నాళ్లూ అలవాటుకొద్దీ రాశాను. ఈసారి అవసరంకొద్దీ రాస్తున్నాను.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటనుకోకు. కుట్టుమిషను మోతకు నీ చెవులు మొద్దుబారాయి, అచ్చాఫీసు మోతకు నావి. మనిద్దరం ఫోన్లో గుండె గురించి మాట్లాడుకుంటే మీ వీధికీ మా వీధికీ తెలుస్తుంది తప్ప మనకు తెలియదు. పైగా మీ అక్క నా ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. మాట్లాడితే నాకు ఆయాసమట. నేను మాట్లాడితే తనకు ఆయాసమన్న సంగతి మాత్రం డాక్టరుకు చెప్పలేదు.

మన ఒప్పందం మరోసారి రాస్తున్నాను, రేపు నువ్వు కాదనకుండా. మనిద్దరి గుండెల్లోనూ నాళాలు పూడుకుపోయాయి. ఇద్దరికీ బైపాస్ తప్పదన్నాడు సర్జను. ఆ రోజు ఆయన గదిలో మనం చేసిన మర్యాద నేను ఎప్పటికీ మరిచిపోను. “పెద్దవారు, ముందు మీరు కానివ్వండి” అని నువ్వు. “అబ్బే, నువ్వు దూరం నుంచి వచ్చావు, ముందు నువ్వు” అని నేను. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఎవరూ లోపలికి వెళ్లనట్టు నిలబడ్డాం. సర్జను గడియారం చూసుకుని “వయసు ప్రకారం వెళ్దాం” అని తేల్చేశాడు. కాబట్టి ఈ నెలలో నేను, ఆగస్టు మొదట్లో నువ్వు. నేను లేచాక అదే మంచంలో నువ్వు పడుకుంటావు. మంచం ఒకటే, చాకిరీ చేసే మనిషీ ఒకతే. ఈలోగా జరిగింది జరిగినట్టు నేను నీకు రాయాలి, అది చదివి నువ్వు ధైర్యం తెచ్చుకోవాలి. జరిగింది జరిగినట్టు చెప్పమని నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే.

ఇక సన్నాహాలు. గుండె కోయించుకోబోయేవాడు ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని నీకు తెలుసా? నోట్లో చీముంటే గుండెదాకా పాకుతుందట. అక్కడ ఒక దవడ పన్ను పోయింది. అసలు యుద్ధం మొదలుకాకముందే మన పక్షాన ఒకడు నేలకొరిగాడన్నమాట. సిగరెట్లు మానేశాను. మానేశానని మీ అక్కకు చెప్పాక నిజంగానే మానేశాను. ఈ రెంటికీ మధ్య కొంత వ్యవధి ఉంది, అది నీకు అనవసరం.

మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు లేవాలి. ఊపిరితిత్తులకు వ్యాయామం. నేను ముఖం ఎర్రబడేదాకా పీలిస్తే ఒక బంతి కదిలి, లేద్దామా వద్దా అని ఆలోచించి, మానేసింది. మీ అక్క కూర తరుగుతూ తరుగుతూ వచ్చి ఒక్క పీల్పుతో మూడూ లేపి, మళ్లీ వెళ్లి కూర తరుక్కుంది. ఇంట్లో నా మాట ఎందుకు చెల్లదో ఆ క్షణంలో అర్థమైంది.

నాకు వైద్యం తెలియదనుకోకు. కుర్రతనంలో గుండె జబ్బుల పుస్తకం ఒకటి మా అచ్చాఫీసుకు వస్తే అక్షరం అక్షరం పేర్చింది నేనే. బడికి పోని నాకు చదువంటే అదేగా, పేర్చినదల్లా చదవడం. చిక్కేమిటంటే తొందర పని కాబట్టి ఆ పుస్తకంలో మొదటి సగం మాకిచ్చి, రెండో సగం ఎదురువీధి ప్రెస్సుకిచ్చారు. అందుచేత నాకు జబ్బులన్నీ తెలుసు, మందు ఒక్కటీ తెలియదు.

చూడవచ్చేవాళ్లు అప్పుడే మొదలయ్యారు. పైవాటాలో లెక్కల గుమాస్తా ఉన్నాడే, రోజూ దిగివచ్చి, “మా మేనమామకు కూడా ఇదే ఆపరేషనండీ” అని మొదలుపెట్టి, నా ముఖం చూసి, మంచినీళ్లు అడుగుతాడు. తాగి వెళ్లిపోతాడు. ఆ మేనమామ ఏమయ్యాడో ఇంతవరకూ తెలియలేదు.

అసలు పని మరిచాను. ఆపరేషనయ్యాక చేతులు తలపైకి ఎత్తకూడదట. నా జుబ్బాలన్నీ తల మీంచి దిగేవే. ముందుకు తెరుచుకునే వదులు చొక్కాలు రెండు కుట్టి పంపు. కొలతలు నీ దగ్గరున్నవే. పొట్ట దగ్గర మాత్రం సత్యం ఒప్పుకో.

ముందు వెళ్తున్నవాడు,
మీ బావ

జూన్ 6

బావగారికి నమస్కారాలు.

రెండు కాదు, మూడు చొక్కాలు పంపుతున్నాను. గుండీలు పెద్దవి వేశాను, వేళ్లు వణికినా దొరుకుతాయి. ఛాతీ మీద రాసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేశాను. లోపలి కుట్లన్నీ రెండు వరుసలు. మీరు కావాలని పీకినా ఊడవు.

ఒప్పందం గుర్తుంది. మీలాగా పేజీలు పేజీలు రాయడం నాకు రాదు, కొలిచినంతే మాట్లాడతాను. నాకు ఒక్క సంగతి తెలిస్తే చాలు. సర్జను కుట్టు ఎలా ఉందో చూసి రాయండి. కొత్త పనివాడు వచ్చినా, పట్నంలో పెద్ద షాపు చొక్కా ఎవరైనా తెచ్చి చూపించినా, పైన చూసి నేను ఎవర్నీ మెచ్చుకోను. తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. మనిషి ఎలాంటివాడో అక్కడే తెలుస్తుంది. మీ కుట్టు ఎలా ఉంటుందో దాన్నిబట్టే నేను వచ్చేదీ రానిదీ.

మీ చెల్లెలు మీకు ధైర్యం చెప్పమంది. చెప్పాను. బావగారిని నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోకండి అని నాకూ చెప్పింది. అది మీకు చెప్పొద్దంది.

మేడమీది కొట్టుకు ఎక్కేటప్పుడు ఈమధ్య సగం మెట్ల దగ్గర ఆగుతున్నాను. కిందికి చూస్తూ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడతాను. గిరాకీలకు తెలియదు.

ఉంటాను,
కత్తెర

జూన్ 9

బావమరిదీ,

చొక్కాలు అందాయి. ఒకటి వేసుకుని అద్దంలో చూసుకుంటే రోగిలా లేను, రోగిని చూడవచ్చిన పెద్దమనిషిలా ఉన్నాను.

రేపు పొద్దున చేరాలి. ఛాతీ మీద వెంట్రుకలన్నీ గొరిగేస్తారట. నా ఒంటి మీద దట్టంగా మిగిలింది అక్కడొక్కచోటే.

మీ అక్క సంచి సర్దుతోంది. సర్దినదంతా తీసి, మళ్లీ అదే సర్దుతోంది. నేను చూడనట్టు పేపరు చదువుతున్నాను. ఇంతసేపూ దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని ఇప్పుడే చూశాను. అచ్చక్షరాలు తిరగేసి చదివిన కంపోజిటర్ని, నాకేం ఇబ్బంది లేదు. తను మాత్రం చూసే ఉంటుంది.

ఒక్క మాట. అటూ ఇటూ అయితే నువ్వు మాత్రం మానుకోవద్దు. అది సర్జను తప్పు కాదు, నా సిగరెట్లది. మీ అక్కను కాస్త కనిపెట్టుకో. రాయవలసింది ఇంకా ఉంది గానీ రాయను.

ఎల్లుండి కూడా మీ బావనే అవుదామనుకుంటున్న,
మీ బావ

జూన్ 24

నా కత్తెరా,

బతికాను!

ఇంటికొచ్చి వారం కావస్తోంది. ఇవాళే పెన్ను మాట వింటోంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు కాబట్టి గుండె చిక్కబట్టుకుని చదువు.

నన్ను తోసుకెళ్లింది గది కాదు, మంచుగడ్డల కొట్టు. చుట్టూ ముసుగు మనుషులు. మత్తు ఇచ్చారు గానీ నాకది సగమే ఎక్కింది. రంపం మోత ఈ చెవులతో విన్నాను. అడితిలో టేకుదూలం కోసినట్టు రొమ్ము ఎముక నిలువునా కోశారు. కోసి, రెండు తలుపులు తెరిచినట్టు తెరిచారు. గుండెను తీసి పక్కనే పళ్లెంలో పెట్టారు. అది నావైపు చూసింది. నేను దానివైపు చూశాను. ఇన్నేళ్లు కలిసి కాపురం చేశామన్న మాటే గానీ ముఖాముఖి కలుసుకోవడం అదే మొదలు. తర్వాత కాలిలోంచి నరం లాగారు, బట్టలోంచి పోగు లాగినట్టు. లాగుతున్నారు, లాగుతున్నారు, అది వస్తూనే ఉంది.

ఇక నువ్వు అడిగిన కుట్టు. ఏం చెప్పమంటావు! మెడ కింద మొదలుపెట్టి పొట్ట మీదిదాకా గోనెసంచి కుట్టు. దబ్బనంతో, పురికొసతో, ఎరువుల బస్తా మూతి కుట్టినట్టు కుట్టి పారేశారు. ఆ కుట్టు కుట్టినవాణ్ణి నీ కొట్లో మధ్యాహ్నందాకా ఉంచవు.

ఇంట్లో సంగతులంటావా, దగ్గొస్తే దిండు కావలించుకుని దగ్గాలి. లేకపోతే ఛాతీ తలుపులు తెరుచుకుంటాయి. నిన్న తుమ్మొచ్చింది. మీ అక్క దిండు తెచ్చేలోగా తుమ్మేశాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. లోపల ఏదో టక్కున తెగిన చప్పుడు పైవాటాకు వినపడి గుమాస్తా పరిగెత్తుకుంటూ దిగాడు.

జనం విరగబడి వస్తున్నారు. మూలింటి పంతులమ్మ పళ్లెం ఘట్టం దగ్గర కళ్లొత్తుకుని, రేపు తన తోడికోడల్ని కూడా తీసుకొస్తానంది. గుమాస్తా మూడుసార్లు విన్నాడు, నాలుగోసారి తనే చెప్పాడు.

నువ్వేం భయపడకు. నేను తట్టుకోలేదూ?

మృత్యువుకు ముఖం చూపించి వచ్చిన,
మీ బావ

జూన్ 29

బావగారికి,

మీ ఉత్తరం చదివి, కొట్టు తలుపు వేసి, మళ్లీ చదివాను. ఆగస్టులో నేను రావడం లేదు. ఆసుపత్రికి కబురు కూడా పెట్టేశాను.

రంపం వల్ల కాదు. కోయడం నాకు కొత్తా? కోయకుండా కుట్టినవాడెవడు? పళ్లెం వల్ల కూడా కాదు. కుట్టు వల్ల. నలుగురికీ కనపడే చోటే గోనెసంచి కుట్టు వేసినవాడు, కనపడని చోట ఏం వేసి ఉంటాడు? కనపడని చోటే కదా బావగారూ, నా గుండె ఉండేది.

జీవితమంతా వంకర కుట్టు పడితే విప్పి మళ్లీ కుట్టినవాణ్ణి. నా ఒంటి మీద దబ్బనం పడనివ్వను. పోతే పోయాను, కొలతకు తగ్గట్టే పోతాను.

మా కొట్టుకు వచ్చే వ్యాయామం మాస్టారు ఒకాయన, గట్టిగా నడిస్తే పూడిన నాళాలు వాటంతటవే తెరుచుకుంటాయన్నారు. కాలువ పూడిక అనుకున్నారు కాబోలు. అయినా నడుస్తున్నాను. సైకిలు షాపు బల్లదాకా వెళ్లి, కూర్చుని, లేవబుద్ధి పుట్టినప్పుడు లేచి వస్తున్నాను.

మీ చెల్లెలు రోజూ ఏడుస్తోంది. తనకు కుట్టు సంగతి అర్థం కాదు. అక్కను అడిగానని చెప్పండి. మీరు తుమ్మకండి.

కత్తెర

జూలై 3

ఒరేయ్ బుద్ధిలేనివాడా,

నీ ఉత్తరం మీ అక్క చదివింది. చదివి, “వాడికి ఏం రాశారు?” అంది. చెప్పాను. ఆ తర్వాత జరిగింది రాయను. ఆపరేషనే నయం.

ఇప్పుడు రాసేది నిజం. రంపం మోత నేను వినలేదు. ముక్కు మీద ఏదో పెట్టి, “పేరు చెప్పండి” అన్నారు. రెండో అక్షరం నోట్లో ఉండగానే మెలకువ వచ్చింది, చూస్తే మర్నాడు. గుండెను ఎవరూ పళ్లెంలో పెట్టలేదు, పెట్టినా అది నన్ను గుర్తుపట్టి ఉండదు. తుమ్మింది నిజమే, తలుపులూ కిటికీలూ మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇక కుట్టు. అసలు పైన కుట్టే లేదురా. లోపలే కుట్టి, లోపలే కరిగిపోయే దారమట. రూళ్లకర్ర పెట్టి పెన్నుతో గీసినట్టు ఒక గీత ఉంది, అంతే.

మరి అలా ఎందుకు రాశానంటావా? మొదట వచ్చినవాళ్లకు నిజమే చెప్పాను. “మత్తిచ్చారు, నిద్రపోయాను, లేచాను” అన్నాను. పంతులమ్మ ముఖం వాడిపోయింది. ఎండలో అంత దూరం నడిచి, పళ్లు కొని తెచ్చిన మనిషికి వినిపించవలసిన కథేనా అది? మర్యాదకొద్దీ రంపం ఒకటి కలిపాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒకసారి ముందుకు జరిగిన కుర్చీని వెనక్కి జరపనివ్వడం నాకు చాతకాదు, నీకు తెలుసు. పళ్లెందాకా వచ్చాక నాకే నమ్మకం కలిగింది. ఆ ఊపులో నీకూ అదే రాశాను. అందులో నీ ప్రాణం ఉందన్న సంగతి మరిచాను.

నిజంగా కష్టమైనవి కథకు పనికిరానివి, అందుకే రాయలేదు. ఎప్పుడూ వెల్లకిలా పడుకోవాలి. కాలు వాచింది. తిండిలో ఉప్పు లేదు, నాలుకకు తన ఉద్యోగం పోయినట్టుంది. ఆ పైన ఏడుపు. మొన్న రేడియోలో “ఆకాశం పాక్షికంగా మేఘావృతమై ఉంటుంది” అన్నారు. అంతే, ఆగలేకపోయాను. ఇలాంటి ఆపరేషనయ్యాక కొన్నాళ్లు ఇలా ఉంటుందిలెండి అని నర్సమ్మ చెప్పింది. చేతులు ఎత్తకూడదు కాబట్టి మీ అక్క నాకు తల దువ్వుతోంది. దువ్వినప్పుడల్లా నేను గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను. తనేమో జుట్టు లేనిచోట కూడా దువ్వుతోంది.

గుమాస్తా మేనమామ వచ్చాడురా! పైవాటాకు మెట్లన్నీ ఎక్కి, దిగి, నన్ను చూసి, తన గీత చూపించి పోయాడు. ఎప్పుడో చేయించుకున్నాడట. నిక్షేపంలా ఉన్నాడు. బాగున్నాడని చెప్తే కథ అయిపోతుందని గుమాస్తా ఇన్నాళ్లూ మంచినీళ్లు తాగాడు.

తేదీ మళ్లీ పెట్టించుకో. బతిమాలుతున్నాను.

నిజం చెబుతున్న,
మీ బావ

తమ్ముడూ, మీ బావ ఈసారి రాసింది నిజం. గీతే ఉంది. రోజూ తుడిచేదాన్ని నేనే కదా. మొండితనం మాని బయల్దేరు. అక్క.

జూలై 8

బావగారికి,

ఉత్తరం చాలా బాగుంది. అందుకే నమ్మలేకపోయాను.

కోప్పడకండి. మీరు చెప్పే చిరుతపులి కథ సంగతే చూడండి. మీ పెళ్లిలో చెప్పినప్పుడు అది పిల్లి. నా పెళ్లిలో అడవిపిల్లి. మా అమ్మాయి పెళ్లినాటికి చిరుతపులి, మీకు ఎదురుగా నిలబడి తోక ఆడించింది. పిల్లి పులి కావడం చూశాను గానీ, పులి మళ్లీ పిల్లి కావడం ఇంతవరకూ చూడలేదు. గోనెసంచి కుట్టు వారంలో గీతగా మారిందంటే ఎలా నమ్మమంటారు? నేను రాననేసరికి గీత అయింది.

పైన కుట్టే లేదంటారు. కనపడని కుట్టు ఉంటుంది గానీ లేని కుట్టు ఉండదు. ఆ ముక్క నాకు చెప్పకండి. మేనమామ కూడా కొత్త పాత్ర. కథలో అవసరమైనప్పుడు సరిగ్గా మెట్లెక్కి వచ్చాడు.

అక్క రాసింది చదివాను. చిన్నప్పుడు నాకు ఇంజెక్షను చేయించడానికి తీసుకెళ్తూ, “ఏం కాదురా, చీమ కుట్టినట్టుంటుంది” అని చెప్పింది కూడా మా అక్కే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మెట్లు ఎక్కలేక మిషను కిందికి దింపించాం. పెడలు తొక్కితే రొప్పు వస్తోంది. అందుకని మీ చెల్లెలు పక్కన కూర్చుని తొక్కుతోంది, నేను బట్ట నడిపిస్తున్నాను. ఆవిడ తొక్కుడూ నా చెయ్యీ కలవక కుట్టు కొంచెం వంకర పోతోంది. గిరాకీలు ఇంకా గమనించలేదు. అంతే, ఇంకేం లేదు.

కత్తెర

జూలై 12

శ్రీ కత్తెర గారికి,

ఈ ఉత్తరం ఆపరేషను గురించి కాదు. మీ ఇష్టం మీది, ఇక ఆ మాట ఎత్తను. ఇది మీరు పంపిన చొక్కాల గురించి.

ఎడమ చంక కింద కుట్టు జానెడు ఊడింది. నేను చేతులు ఎత్తనైనా ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకున్నానంతే. రెండో చొక్కా మెడ దగ్గర విచ్చుకుంది. మూడోది వేసుకునే ధైర్యం చేయలేదు.

గాయం చూడవచ్చిన నర్సమ్మ ఆ చంక చూసి, “ఎవరండీ కుట్టింది? మా సర్జనుగారికి ఇచ్చినా ఇంతకంటే బాగా కుట్టేవారే” అంది. మీ పరువు కాపాడదామని, “ఎవరో తెలిసినవాళ్లు, పాపం పెద్దవాడయ్యాడు” అన్నాను. గుమాస్తా కూడా చూశాడు. “చెయ్యి పోయినట్టుందండీ, ఇక మానేయమనండి” అన్నాడు. మీ కుట్టు వంకర పోతోందని మీరే రాశారు కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు.

వచ్చే ఆదివారం పరామర్శకు మీ అక్క తరఫువాళ్లూ నా తరఫువాళ్లూ కలిసి వస్తున్నారు. చొక్కాను తిరగేసి, ఊడిన చంక అందరికీ కనపడేట్టు ముందు గదిలో తగిలిస్తున్నాను. కుట్టింది ఎవరని అడిగితే ఈసారి దాచను.

ఇట్లు,
చిరిగిన చొక్కాలో ఉన్న మీ బావ

జూలై 15

బావగారూ,

ఆ చొక్కా ముట్టుకోకండి. విప్పకండి. తగిలించకండి. నేను వచ్చి చూసేదాకా ఎవరికీ చూపించకండి.

నా కుట్టు ఊడిందా? రెండు వరుసలు వేసిన కుట్టు? సర్జను నాకంటే బాగా కుడతాడా? ఆ గీత ఏమిటో, ఈ చంక ఏమిటో పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆ నర్సమ్మను కూడా ఉండమనండి.

రేపే బయల్దేరుతున్నాను. చొక్కా కోసం వస్తున్నాను, ఆపరేషను కోసం కాదు. సంచిలో సూది, దారం, భూతద్దం పెట్టుకున్నాను. ఇంకేమీ వద్దన్నాను. మీ చెల్లెలు తన బట్టలూ నా బట్టలూ, పాత రిపోర్టులూ కూడా పెడుతోంది. ఆడవాళ్ల సంగతి తెలిసిందే కదా అని ఊరుకున్నాను.

కత్తెర

ఆగస్టు 3

కత్తెరా,

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. జలుబు చేసినవాణ్ణి వార్డులోకి రానివ్వరట. మీ అక్క క్యారేజీ సంచిలో పెట్టి పంపుతున్నాను. క్యారేజీ తనది, ఉప్పు లేదు. ఉత్తరం నాది, ఇందులో కూడా ఈసారి ఏమీ కలపలేదు.

నువ్వు వచ్చిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది, నవ్వితే దిండు కావాలి. గుమ్మంలో అడుగుపెట్టి, పలకరింపు లేదు, పరామర్శ లేదు, మర్యాదగా కూర్చున్నవాడి చొక్కా గుండీలు విప్పేశావు. అప్పుడే వచ్చిన పంతులమ్మ మనం కలబడ్డామనుకుని పళ్లు అక్కడే పెట్టి పారిపోయింది. నువ్వు భూతద్దం పెట్టి మెడ కిందినుంచి పొట్టదాకా వచ్చావు. మళ్లీ కిందినుంచి పైకి వెళ్లావు. వేలితో తడిమావు. “ముడి ఎక్కడ వేశాడు?” అన్నావు. 

మర్నాడు సర్జను గదికి వెళ్లి అడిగావట కదా, ముడి ఎక్కడ దాస్తారండీ అని. మీ అక్క చెప్పింది. నా గుండె చేత్తో పట్టుకున్నంత చనువున్న మనిషి, నాతో రెండు మాటలు పూర్తిగా మాట్లాడలేదు. నీకోసం కాగితం తీసుకుని బొమ్మ వేశాడట! బయట రోగులు గడియారాలు చూసుకుంటుంటే, లోపల మీరిద్దరూ దారం ఎంత పొడుగు వదలాలో వాదించుకున్నారట. ఆపరేషను తేదీ అడిగింది కూడా నువ్వేనట.

ఆ సందట్లో నువ్వు చొక్కా చంక అడగలేదు, నేను గుర్తుచేయలేదు. దాచి ఏం లాభం, చెప్పేస్తున్నాను. అది ఊడలేదు. నువ్వు వచ్చి చూపించమంటావన్న భయంతో ముందురోజంతా బ్లేడు పెట్టి విప్పుదామని కూర్చున్నాను. ఒక వరుస తెగితే లోపల ఇంకోటి. నా వేళ్లు తెగాయి గానీ నీ కుట్టు ఊడలేదు. నిజం రాస్తే నువ్వు రాలేదు. అబద్ధం రాస్తే మర్నాడే బయల్దేరావు. మనిద్దరిలో తప్పెవరిదో నువ్వే తేల్చు.

రేపు పొద్దున నిన్ను తీసుకెళ్తారు. రంపం మోత వినపడదురా, ఒట్టు. పేరు అడుగుతారు. చెప్పడం మొదలుపెట్టు, మిగతాది వాళ్లు చూసుకుంటారు.

ఇక్కడ నేను హాయిగా పేపరు చదువుకుంటున్నాను. మీ అక్క ఇప్పుడే వచ్చి, పేపరును తిప్పి నా చేతికిచ్చి వెళ్లింది.

ఎదురుచూస్తూ,
మీ బావ

ఆగస్టు 10

బావగారికి,

దిండు కావలించుకుని రాస్తున్నాను. అక్షరాలు అందుకే వంకర, చెయ్యి పోయి కాదు. ఆ మాట గుమాస్తాకు చెప్పండి.

పేరు అడిగారు. నేను పూర్తిగా చెప్పాననే అనుకుంటున్నాను. మీకంటే నాది చిన్న పేరు.

గీతే ఉంది. చేతి అద్దం తెప్పించుకుని చూశాను. ఎక్కడా లాగలేదు, ఎక్కడా ముడత లేదు, ముడి ఎక్కడుందో నాకు కూడా కనపడలేదు. లోపల ఏం చేశాడో తిరగేసి చూడ్డానికి కుదరదు. కానీ పైన ఇలా కుట్టినవాణ్ణి లోపలి పనికి నమ్మొచ్చు. నిన్న వార్డు చివరిదాకా నడిచాను. మధ్యలో ఎవరికోసమూ ఎదురుచూడలేదు.

చంక ఊడలేదని నాకు అప్పుడే తెలుసు. రెండు వరుసలు వేసింది నేను కదా. ఊపిరి పీలిస్తే చొక్కా చంకలో కుట్టు ఊడదు, మీ పొట్ట దగ్గర ఊడిందని రాస్తే కొంచెం ఆలోచించేవాణ్ణి. కానీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఒక సంగతి అనుకున్నాను. ఈయన పిల్లిని పులి చేశాడు, తుమ్ముతో కిటికీలు అదరగొట్టాడు, అన్నీ చేశాడు గానీ, నా చేతి పని మీద ఇంతవరకూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఎవరెదుటా నన్ను తక్కువ చేయలేదు. అలాంటి మనిషి నా కుట్టునే తిట్టాడంటే, నేను పోతానని నిజంగా భయపడ్డాడన్నమాట. మీ చెల్లెలిని సంచి సర్దమన్నాను. రిపోర్టులు పెట్టమన్నది కూడా నేనే.

అది అలా ఉంచండి. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. నా పక్క మంచం ఆయనకు ఆపరేషనై వారమైంది. ఆయన్ను చూడ్డానికి వియ్యంకుడు వచ్చాడు. ఊరికే ఉండక నావైపు తిరిగి, “మీకెలా జరిగిందండీ?” అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను కొలిచి మాట్లాడేవాణ్ణి కదా. “మత్తిచ్చారు, లేచాను” అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరపబోయాడు. బావగారూ, ఆ కుర్చీ వెనక్కి వెళ్తుంటే చూడలేకపోయాను. “లేచాను గానీ, లేచేసరికి ఇంకా అయిపోలేదండీ” అన్నాను.

ఆ తర్వాత ఏమైందో నాకు సరిగ్గా తెలియదు. రంపం వచ్చింది. పళ్లెం వచ్చింది. మీ గుండె మీవైపు చూసిందన్నారు కదా, నాది కన్ను కొట్టింది. వార్డంతా లేచి కూర్చుంది. నర్సమ్మ కూడా మందుల బండి ఆపి విన్నది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. ఇంకా కోయించుకోవలసినవాళ్లు ఎవరైనా వస్తే కథ ఆపి, చొక్కా విప్పి, గీత చూపించి పంపిస్తున్నాను. కోయించుకుని బతికినవాళ్లకే పళ్లెం.

ఎల్లుండి ఇంటికి పంపిస్తారట. పంతులమ్మనూ, ఆవిడ తోడికోడల్నీ, గుమాస్తానూ సాయంత్రానికి రమ్మనండి. నేను వచ్చేదాకా నా ఆపరేషను సంగతి మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి. ఈమధ్య మీకు నిజం చెప్పే అలవాటు పట్టుకుంది, మొత్తం పాడుచేస్తారు.

మీ మంచంలోకి వస్తున్న,
కత్తెర